బల్బు మార్చే ముందు మీటరు పెట్టు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. బల్బులు మార్చావు, ఫ్యూజులు మార్చావు, డిమ్ (దగ్గరి వెలుగు), బ్రైట్ (దూరపు వెలుగు) మార్చే డిప్పర్ స్విచ్ కూడా కొత్తది వేశావు. అయినా హెడ్‌లైట్లు మళ్లీ పోతున్నాయి. వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వేయిద్దామా అని అడిగావు. ఆ తొందర వద్దు. ఏళ్ల తరబడి తిరిగిన కారులో వైరు నడిమధ్యలో చెడిపోవడం తక్కువ. చెడేవి చివర్లు: కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) పిన్నులు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొనలు), ఎర్త్ బోల్టులు (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కు తిరిగెళ్లే చోట్లు), స్విచ్ లోపలి కాంటాక్టులు, ఎవరో ఎప్పుడో టేపు చుట్టి వదిలేసిన అతుకులు. ఒకే వస్తువు మాటిమాటికీ పోతోందంటే దాన్ని పోగొడుతున్నది ఇంకోచోట కూర్చుని ఉంది. అది దొరికేదాకా కొత్తగా ఏదీ కొనకు.

ముందు ఏది ఎలా పోతోందో కాగితం మీద రాసుకో. ఒకవైపు లైటే పోతే ఆ వైపు బల్బు, హోల్డర్, ఎర్త్, దాని సొంత ఫ్యూజు. రెండు వైపులా డిమ్ ఒకేసారి పోయి బ్రైట్ వెలుగుతుంటే రెండు బల్బులు కూడబలుక్కుని మాడిపోవు. స్విచ్ గానీ, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) గానీ, రెండింటికీ కలిపి ఉన్న ఫ్యూజు గానీ చూడాలి. కాసేపు వెలిగి, ఆరి, చల్లారాక దానంతటదే వెలిగితే ఎక్కడో కాంటాక్టు వేడెక్కి విడిపోతోంది. కొన్ని పాత కార్ల హెడ్‌లైట్ స్విచ్‌లోనే వేడికి తెగి, చల్లబడ్డాక మళ్లీ కలిసే బ్రేకర్ ఉంటుంది. నీ కారులో అది ఉంటే లైట్లు లయగా ఆరి వెలుగుతుంటాయి. లోడు ఎక్కువైందని అది చెబుతోంది. దాన్ని తప్పించి నేరుగా వైరు కలపడం లాంటి పని మాత్రం చేయకు.

నీ కారుది మూడు పిన్నుల హెచ్4 బల్బు అనుకుని రాస్తున్నాను: బ్రైట్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు, రెండు ఫిలమెంట్లకూ ఒకే ఎర్త్ పిన్ను. ఆ ఒక్క ఎర్త్ పోతే వచ్చే లక్షణం గమ్మత్తుగా ఉంటుంది. డిమ్ వేస్తే ఆ వైపు బల్బు మసకగా, ఎర్రగా వెలుగుతుంది. డాష్‌బోర్డులో బ్రైట్ సూచించే నీలం దీపం కూడా కొంచెం వెలుగుతుంది. కరెంటుకు నేలకు దిగే దారి దొరక్క డిమ్ ఫిలమెంట్ నుంచి అదే బల్బులోని బ్రైట్ ఫిలమెంట్‌లోకి వెళ్లి, బ్రైట్ వైరు పట్టుకుని, అవతలి బల్బు ఎర్త్ ద్వారా బయటపడుతుంది. ఈ లక్షణం కనిపిస్తే స్విచ్ జోలికి పోకుండా నేరుగా ఎర్త్ దగ్గరికి వెళ్లు.

ఇక కొలత. మామూలు డిజిటల్ మల్టీమీటర్, 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కలిపి చేసుకున్న టెస్ట్ ల్యాంప్, బ్యాటరీ నుంచి కారు ముందు మూల దాకా అందే వైరు ముక్క ఒకటి చాలు. అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు: కప్లర్ ఊడదీసి పిన్నుల మీద మీటరు పెడతారు, 12 వోల్టులు కనిపిస్తుంది, కరెంటు బాగానే వస్తోందని బల్బును అనుమానిస్తారు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది నిండు వోల్టేజీయే చూపిస్తుంది. అదే పోగు మీద బల్బు దాదాపు 5 ఆంపియర్లు లాగినప్పుడు గానీ గుట్టు బయటపడదు. అందుకని కొలిచేది ఎప్పుడూ బల్బు తగిలించి, అది వెలుగుతుండగానే.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్ కంటే కాస్త ఎక్కువలో ఉంచు. ఫ్యానుకు, బెల్టుకు చేతులు, మీటరు వైర్లు దూరంగా ఉండాలి. డిమ్ వేసి ముందుగా బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య కొలిస్తే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. తర్వాత మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీదే ఉంచి, నల్ల వైరు కప్లర్ వెనక నుంచి డిమ్ పిన్నుకు తాకించు. వచ్చిన అంకె, ప్లస్ దారి పొడవునా పోతున్న వోల్టేజీ. అర వోల్టు లోపల ఉంటే ఒప్పుకోవచ్చు. అలాగే బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 వోల్టులు దాటకూడదు. రెండు వైపులా కొలిచి రాసుకో.

ప్లస్ వైపు ఎక్కువ వస్తే నల్ల వైరును దారి వెంట వెనక్కి జరుపుకుంటూ రా: స్విచ్ నుంచి బయటికి వచ్చే చోట, స్విచ్‌లోకి వెళ్లే చోట, ఫ్యూజుకు అవతల, ఇవతల. అంకె ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా పడిపోతుందో దొంగ అక్కడే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్న అతుకు దగ్గర 0.1 వోల్టు కంటే పోకూడదు.

ఈ చిన్న అంకెలను తేలిగ్గా తీసుకోకు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. 13.5 అందాల్సిన చోట 12 అందితే దాదాపు మూడో వంతు వెలుగు పోయినట్టే. పోయిన వోల్టేజీ ఊరికే పోదు, వేడిగా మారుతుంది. రెండు డిమ్ బల్బుల 10 ఆంపియర్లు ఒకే స్విచ్ కాంటాక్టు గుండా వెళ్తూ అక్కడ 1 వోల్టు పోతోందంటే, గోరంత కాంటాక్టులో 10 వాట్ల వేడి పుడుతోందన్నమాట. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, స్ప్రింగు పట్టు సడలుతుంది, కాంటాక్టు ఇంకా చెడుతుంది. నీ కొత్త స్విచ్ దారీ ఇదే. పైగా కారు కొన్నప్పుడే 100/90 వాట్ల బల్బులు వేసి ఉన్నాయని రాశావు. 55 నుంచి 90కి వెళ్తే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, కాంటాక్టులో పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. ఈరోజే అవి తీసేసి 60/55 వేయి.

ఎర్త్ పని తేలిక, ఫలితం ఎక్కువ. బ్యాటరీ మైనస్ ముందు విప్పు. ఏ వైరింగ్ పనికైనా అదే మొదటి మెట్టు. ఎర్త్ బోల్టు తీసి, లగ్గు కూర్చునే చోట పెయింటు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకు. లగ్గు నల్లబడితే కొత్తది వేయి. పళ్లున్న వాషర్ పెట్టి బిగించు. గ్రీజు గానీ వేసలిన్ గానీ బిగించాక పైన రాయాలి, కింద కాదు. తర్వాత బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే లావు పట్టీలు కూడా చూడు. అల్లిన పట్టీ ఆకుపచ్చగా మారి పొడి రాలుతుంటే దానికి మరమ్మతు లేదు, మార్చడమే.

ఇక అసలు మందు రిలేలు. పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి స్టీరింగ్ కింది స్విచ్ దాకా వెళ్లి, మళ్లీ ముందుకు రావాలి. సన్నటి వైరు, మధ్యలో బోలెడు కప్లర్లు. రిలే పెడితే స్విచ్ మీద పడేది రిలే కాయిల్ (లోపలి అయస్కాంతపు తీగ చుట్ట) లాగే 0.2 ఆంపియర్ లోపు కరెంటు మాత్రమే. దీపాలకు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో వెళ్తుంది.

దిగే ముందు ఒకటి తేల్చుకో. కొన్ని కార్లలో, ముఖ్యంగా పాత జపాన్ మోడళ్లలో, స్విచ్ ప్లస్‌ను కాకుండా మైనస్‌ను కలుపుతుంది. కప్లర్ తీసి, డిమ్ వేసి, ఒక్కో పిన్నుకూ బాడీకీ మధ్య కొలిచి చూడు. డిమ్, బ్రైట్ మార్చినప్పుడల్లా ప్లస్ వచ్చే పిన్ను కూడా మారితే మామూలు పద్ధతి. ఎలా మార్చినా ఉమ్మడి పిన్ను దగ్గరే ప్లస్ నిలిచి ఉంటే మైనస్ పద్ధతి.

40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు తీసుకో, ఒకటి డిమ్‌కు, ఒకటి బ్రైట్‌కు. బ్యాటరీ ప్లస్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చి రెండు రిలేల 30 నంబరు పిన్నుకూ ఇవ్వు (పిన్నుల నంబర్లు రిలే మీదే ఉంటాయి). ఈ వైరుకు 30 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరుకు ఏ రక్షణా లేదు. 87 పిన్ను నుంచి బయటికి వచ్చే కరెంటును ఎడమకు ఒక 10 ఆంపియర్ల ఫ్యూజు, కుడికి ఒక 10 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పంపు. మొత్తం నాలుగు చిన్న ఫ్యూజులు. రెండు దీపాలకూ కలిపి ఒకే ఫ్యూజు చాలంటారు కొందరు, నేనొప్పుకోను. ఒకవైపు షార్ట్ అయితే రెండు కళ్లూ ఒకేసారి పోవడం ఎందుకు? ఎర్త్ వైర్లు కూడా 2.5 చదరపు మిల్లీమీటర్లవే వాడు. ప్లస్ లావుగా వేసి ఎర్త్ సన్నగా వదిలేస్తే సగం పనే అయినట్టు.

కాయిల్ సంగతి: మామూలు పద్ధతి కారులో పాత కప్లర్ డిమ్ వైరు ఒక రిలే 86కు, బ్రైట్ వైరు రెండోదాని 86కు, రెండు 85లూ ఎర్త్‌కు. మైనస్ పద్ధతి కారులో రెండు 86లూ పాత కప్లర్ ప్లస్ పిన్నుకు, 85లు డిమ్, బ్రైట్ పిన్నులకు. ఒకవైపు కప్లర్ చాలు. రెండోది టేపు చుట్టి పక్కకు కట్టేయి, పాత వైరు కోయకు. రిలేలను పిన్నులు కిందికి ఉండేలా, సైలెన్సర్ వేడి తగలని చోట బిగించు. పిన్నులు పైకి ఉంటే నీళ్లు లోపల నిలుస్తాయి. బల్బు హోల్డర్లు మాత్రం పింగాణీవే కొను.

అతుకుల గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే కొత్త వైరింగ్ కూడా రెండేళ్లలో చెడేది ఇక్కడే. వైరు మెలిపెట్టి టేపు చుట్టడం అతుకు కాదు. వేడికి టేపు జిగురు కారిపోతుంది, టేపు విడిపోతుంది, తేమ లోపలికి వెళ్తుంది. సోల్డర్ అంటే చాలామందికి గౌరవం. కానీ కరిగిన సోల్డర్ పోగుల్లోకి పాకి కొంత దూరం వైరును బిరుసుగా చేస్తుంది, ఆ బిరుసు ఆగిపోయిన చోట కారు అదురుకు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. లగ్గును వైరు మీద నొక్కి బిగించడానికి (క్రింప్) దానికి సరిపడే పళ్లున్న రాట్చెట్ క్రింపింగ్ ప్లయర్ వాడు. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల వదులే. క్రింప్ చేశాక చేత్తో గట్టిగా లాగి చూడు. ఊడితే ఇప్పుడే ఊడనీ. దాని మీద వేడికి ముడుచుకునే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, అంచుల్లో జిగురు కొంచెం బయటికి వచ్చేదాకా వేడి చేయి.

పాత వైరు చివర ఒలిచినప్పుడు రాగి నల్లగా గానీ ఆకుపచ్చగా గానీ ఉంటే అక్కడ అతకకు. మెరిసే రాగి వచ్చేదాకా కోసుకుంటూ వెళ్లి, తగ్గిన ముక్క కొత్త వైరుతో కలుపు. కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం, వద్దని చెప్పు. రేకు రంధ్రంలోంచి వైరు వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరును కోయకుండా వేసే రింగు) ఉండాలి.

ఫ్యూజు పదేపదే కాలుతుంటే పెద్ద ఫ్యూజు వేస్తే కాలేది వైరే. ఫ్యూజు తీసి ఆ రెండు క్లిప్పుల మధ్య 21 వాట్ల టెస్ట్ ల్యాంప్ తగిలించు, రెండు హెడ్‌లైట్ బల్బులూ ఊడదీసి స్విచ్ వేయి. ల్యాంప్ నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టు. వైరు కట్టను బ్యాటరీ దగ్గర, రేడియేటర్ అంచున, హెడ్‌లైట్ వెనక, స్టీరింగ్ కింద వరసగా కదుపుతూ రా. ల్యాంప్ ఎక్కడ ఆరిందో అక్కడ టేపు విప్పు. షార్ట్ ఏమీ లేకుండా ఫ్యూజు మాత్రం వేడెక్కుతుంటే క్లిప్పుల పట్టు సడలింది.

బల్బులే త్వరగా పోతుంటే చార్జింగ్ చూడు. ఇంజిన్ వేగం పెంచినప్పుడు బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటితే చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, ఎన్ని బల్బులైనా తినేస్తుంది. అది బాగుంటే హెడ్‌లైట్ లోపల నీళ్లు చేరుతున్నాయేమో, హోల్డర్ స్ప్రింగు వదులై బల్బు అదురుతోందేమో చూడు. హాలోజన్ గాజును వేళ్లతో తాకకు. తాకితే స్పిరిట్‌తో తుడిచి బిగించు.

ఎల్‌ఈడీ బల్బు పెడితే కరెంటు తగ్గి సమస్య తీరుతుందని ఎవరైనా చెబితే వినకు. ఫిలమెంట్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అది వెలుగును సరైన చోట వేయదు, ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, చెడ్డ అతుకు అలాగే ఉండిపోతుంది.

పనయ్యేదాకా రాత్రి ప్రయాణం పెట్టుకోకు. తప్పనిసరై వెళ్లినప్పుడు డిమ్ పోతే ఒకసారి బ్రైట్ వేసి చూడు, దాని కాంటాక్టు వేరే కాబట్టి తరచూ పనిచేస్తుంది. దానితో మెల్లగా పక్కకు ఆపుకోవచ్చు.

అన్నీ బిగించాక మళ్లీ అదే మీటరుతో ఆ కొలతలన్నీ తీసి పాత అంకెల పక్కన రాయి. ప్లస్ వైపు 0.3, ఎర్త్ వైపు 0.1 లోపల రావాలి. రాకపోతే నీ కొత్త క్రింపుల్లోనే ఒకటి వదులుగా ఉంది. పావుగంట లైట్లు వెలిగించి, ఆపి, ప్రతి కప్లర్‌నూ రిలేనూ ముట్టుకుని చూడు. గోరువెచ్చన పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్నది విప్పాల్సిందే. చివరగా చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపి, డిమ్ వెలుగు పై అంచు బల్బు ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండేలా స్క్రూలు తిప్పు. హెడ్‌లైట్ దగ్గర శాతం ముద్రించి ఉంటే దాని ప్రకారమే వెళ్లు: 1.2 శాతం అంటే 12 సెంటీమీటర్లు.

కొలతలు తీశాక ఆ కాగితం నాకు పంపు. రిలేలు ఎక్కడ బిగించావో, ఏ రంగు వైరు ఎటు వెళ్లిందో బొమ్మ గీసి ఒక కాపీ కారులోనే పెట్టుకో.

మీ పెదనాన్న