టీ తాగే వేడికి వచ్చిందని తెలిపే పరికరాన్ని ఇంట్లో తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఆర్డుయినో నానో అనే, ప్రోగ్రాము ఎక్కించి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, డీఎస్18బీ20 అనే డిజిటల్ ఉష్ణోగ్రత సెన్సర్, ఒక చిన్న బజర్ సరిపోతాయి. సెన్సర్ మూడు తీగల్లో ఒకటి 5 వోల్టులకు, ఒకటి గ్రౌండుకు, డేటా తీగ బోర్డులోని డిజిటల్ పిన్‌కు కలిపి, డేటాకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరిగా పెట్టాలి. అది లేకపోతే సాధారణంగా రీడింగు -127 అని వస్తుంది. కరెంటు ఇవ్వగానే కనిపించే 85 డిగ్రీలు కూడా టీ వేడి కాదు, కొలత పూర్తికాకముందు చిప్పులో ఉండే ప్రారంభ విలువ. 12 బిట్ల (ఈ సెన్సర్ ఇచ్చే అత్యంత సూక్ష్మమైన) కొలతకు 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది కనుక అంతవరకు ఆగి చదవాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది సెన్సర్‌ను ఎక్కడ ఉంచాలన్న దానిమీదే. స్టీలు తొడుగు ఉన్నంత మాత్రాన దానిని టీలో ముంచవచ్చని కాదు. కప్పు అడుగుకు బయటి నుంచి ఆనించి ఉంచడమే మేలని నా అభిప్రాయం. అప్పుడు రీడింగు కొంత తక్కువగా, ఆలస్యంగా వస్తుంది కాబట్టి వంటగది థర్మామీటరుతో పోల్చి, ఆ తేడాను ప్రోగ్రాములో సరిచేయాలి. 65 డిగ్రీలు మించిన వేడి పానీయాలు క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. అందుచేత బజర్ 60 డిగ్రీల దగ్గర మోగేలా పెట్టుకోండి.