టూర్ పోస్టర్‌ని చూడటం ఎలాగంటే

విజయవాడ

చిట్టితల్లీ,

రాక్ బ్యాండ్ టూర్ పోస్టర్ మీద విశ్లేషణ రాయమన్నారని, నువ్వు రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 1970 యూరప్ టూర్ పోస్టర్ తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. రంగులు బాగున్నాయి, అక్షరాలు ఆకట్టుకుంటున్నాయి అని రాశావు. ఇలాంటివి పోస్టర్ చూడకుండా కూడా రాసేయొచ్చమ్మా. గవర్నర్‌పేట ప్రెస్సుల్లో పోస్టర్లు అచ్చేస్తూ బతికినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

ముందు అది ఎక్కడ అంటించే పోస్టరో, చూసేవాడు ఎంత దూరంలో ఎంతసేపు ఉంటాడో ఆలోచించు. ఏలూరు రోడ్డు మీద బస్సులో పోయేవాడికి సినిమా పోస్టర్ కనిపించేది రెండు మూడు క్షణాలు, అందుకే హీరో మొహం అంత పెద్దది, టైటిల్ అంత లావు. అదే 1966 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ హాలు కచేరీలకి వెస్ విల్సన్ వేసినవి వెతికి చూడు, అక్షరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఖాళీ అంతా నింపేస్తాయి. వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ రోలర్ 1900ల మొదట్లో వేసిన పోస్టర్ల అక్షరాలే వాటికి మూలం. ఆగి నిలబడితే తప్ప చదవలేం. అది లోపమని తొందరపడి రాయకు, ఎవరు ఆగి చదవాలని అలా వేశారో అడుగు.

విక్టర్ మొస్కోసో అని అక్కడే పోస్టర్లు వేసిన ఇంకొకాయన ఉన్నాడు, అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రంగుల పాఠాలు చెప్పిన యోసెఫ్ ఆల్బర్స్ దగ్గర చదువుకున్నాడు. ఎరుపు పక్కన నీలం, రెండూ ఒకే గాఢతలో పెడితే అంచులు కళ్ళముందు కదులుతున్నట్టుంటాయి. ప్రెస్సులో మేమైతే అలాంటి జంటని తప్పించేవాళ్ళం, ఆయన కావాలనే వాడాడు. నీ పోస్టర్‌ని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. అక్షరాలు వెనక రంగులో కలిసిపోయాయంటే అవి నిలబడింది కేవలం రంగు తేడా మీద, విడిగా కనిపిస్తే లేత ముదురు తేడా మీద. ఈ ఒక్క పరీక్షతోనే నీకు పేరా దొరుకుతుంది.

ఇక అసలు చిక్కు, ఫిల్‌మోర్‌వి ఒక హాలు పోస్టర్లు, నీది టూర్ పోస్టర్. ఒకే బొమ్మ ఊరూరా పనిచేయాలి, తేదీ, హాలు మాత్రం మారిపోతుంటాయి. అందుకే కొన్ని టూర్లకి అడుగున ఖాళీ పట్టీ వదిలి అచ్చేసి, ఏ ఊరి వివరాలు ఆ ఊళ్ళో దాని మీద వేసుకునేవాళ్ళు, మన సినిమా పోస్టర్ మీద థియేటర్ పేరు స్లిప్పు అతికించినట్టు. నీ పోస్టర్లో పట్టీ ఉందా, ఊళ్ళ జాబితా ఉందా, రెండూ లేవా? జాబితా ఉంటే బొమ్మతో కలిసిందా, చివర్లో ఇరికించారా?

నీ పోస్టర్‌ని వేసిన జాన్ పాష్ అప్పటికి లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో విద్యార్థి. తీరు మాత్రం 1930, 40ల నాటిది. అంత కొత్త తరం బ్యాండ్ అంత పాత వేషం ఎందుకు వేసుకుంది? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న మీదే నడపొచ్చు, నేనైతే అదే చేస్తాను. ఆ తర్వాత అదే పాష్ 50 పౌండ్లకి వాళ్ళ పెదాలు, నాలుక గుర్తు గీశాడు, బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ అతనికి చూపించింది మన కాళీమాత పటం! అప్పటినుంచి ఆ నాలుక ఉంటే పేరు చదవక్కర్లేదు. ఆ గుర్తు ఇంకా పుట్టని రోజుల్లో ఈ పోస్టర్ బ్యాండ్‌ని ఎలా గుర్తుపట్టించిందో, తర్వాతి టూర్ పోస్టర్ ఒకటి పక్కన పెట్టుకుని పోల్చు.

కాగితం గురించి, ఇంకు గురించి మాత్రం తెరమీద బొమ్మ చూసి రాయకు. అసలు ప్రతి దొరికితే లెన్సు పెట్టి అచ్చు చుక్కలున్నాయో లేదో చూడాలి, లేకపోతే ఆ భాగం వదిలెయ్. నచ్చనిది నచ్చలేదని రాయి, కాకపోతే వేలుపెట్టి చోటు చూపించు. గడువుకి రెండు రోజులు ముందు పంపితే చదివి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న