గ్రూప్ టూర్‌లో రోమ్ వెళ్తున్నాం, మొదటి రెండు రోజులు దేనితో జాగ్రత్తగా ఉండాలి?

జేబుదొంగలతో అని అందరూ చెప్తారు. నిజమే. పాస్‌పోర్టు చొక్కా లోపల, పర్సు ముందు జేబులో పెట్టుకుంటే ఆ సంగతి సగం తీరినట్టే. మొదటి రెండు రోజుల్ని అసలు తినేసేది మాత్రం కోచ్ (టూరు బస్సు) డ్రైవరు గడియారం. దీని గురించి ఎవరూ చెప్పరు.

కోచ్‌లో టాకోగ్రాఫ్ అని డ్రైవరు పని గంటలు, విశ్రాంతి లెక్కపెట్టే ఒక మీటరు ఉంటుంది. పొద్దున డ్రైవరు తన కార్డు అందులో పెట్టగానే లెక్క మొదలవుతుంది. యూరోపియన్ యూనియన్ 561/2006 నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండుసార్లు మాత్రం 10 దాకా నడపొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 24 గంటల్లో 11 గంటలు విశ్రాంతి ఉండాలి. అంటే గ్యారేజీలో 7 గంటలకు కార్డు పెట్టిన మనిషి రాత్రి 8కల్లా బండి ఆపేయాలి. మనం ఎక్కింది 8కి కదా, 9 దాకా ఉంటాడులే అనుకుంటారు. ఉండడు. ఆ 11 గంటల్ని 9కి కుదించుకోవచ్చు గానీ, రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లే. వాటిని దూరప్రయాణాల రోజులకు దాచుకుంటారు. టిఫిన్ దగ్గర ఇద్దరు ముగ్గురు పాతిక నిమిషాలు ఆలస్యం చేస్తే ఆ పాతిక నిమిషాలూ రాత్రి తిరుగుడులోంచి పోతాయి. బతిమాలినా, టిప్పు ఇచ్చినా లాభం లేదు. పోలీసులు రోడ్డు మీద ఆపితే పాత రోజుల లెక్క కూడా తీస్తారు. అందుకే మొదటి రోజుకే ‘నైట్ టూర్’ అంటగడితే డబ్బు కట్టకండి.

పొద్దున దిగే విమానమైతే ఇంకో చిక్కు. హోటల్ గది సాధారణంగా మధ్యాహ్నం 2, 3 గంటలకు గానీ ఇవ్వరు. ఈలోగా పెట్టెలు కోచ్ డిక్కీలో ఉంటాయి, మిమ్మల్ని దింపేసి కోచ్ ఎక్కడో దూరంగా పార్కింగుకి పోతుంది. మందులు, చార్జరు, ఒక జత బట్టలు చేతిసంచిలో లేకపోతే సాయంత్రం దాకా అంతే సంగతులు.

పాత నగరంలోకి టూరిస్టు కోచ్‌లను ఇష్టం వచ్చినట్టు రానివ్వరు. ట్రెవి ఫౌంటెన్, పాంథియన్, పియాజ్జా నవోనా అన్నీ నడకే. కింద సాంపియెత్రీని అనే నల్లరాతి దిమ్మెలు, వాటి సందుల్లో మడమలు ఇరుక్కుంటాయి, వానపడితే జారతాయి. కొత్త బూట్లు వద్దు. నీళ్ల సీసా మాత్రం ఒకటి కొంటే చాలు. వీధుల్లో ‘నాసోనీ’ అనే ఇనప కుళాయిలు రోజంతా పారుతుంటాయి, మంచినీళ్లే. వంకీ తిరిగిన గొట్టం కొసను వేలితో మూస్తే పైన చిన్న బెజ్జంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, నడుం వంచకుండా తాగొచ్చు.

గైడు మాట దూరం నుంచి చెవిలో వినిపించడానికి, మెడలో వేసుకునే విస్పర్ సెట్ ఇస్తారు: అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా, ఒక ఇయర్‌ఫోన్. చానల్ నంబరు గైడు నంబరుతో కలిసిందో లేదో బయల్దేరకముందే చూసుకోవాలి, లేకపోతే పక్క గ్రూపు గైడు స్పానిష్‌లో వినిపిస్తాడు. నడుస్తుంటే చెవిలో గరగర మొదలైందంటే డబ్బా చెడిపోయిందని గిల్లుతూ కూర్చోకండి, మీరు వెనకబడ్డారని అర్థం. రెండు మలుపులు తిరిగితే మాట పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు ముందుకు పరుగెత్తొద్దు. మాట చివరిసారి స్పష్టంగా వినిపించిన చోటే నిలబడి టూర్ మేనేజరుకి ఫోన్ చేయండి. తప్పిపోయినవాళ్లు చాలామంది తప్పిపోయింది నడవడం వల్లే.

వాటికన్ మ్యూజియంలో పెద్ద బ్యాగు తీసుకెళ్తే క్లోక్‌రూమ్‌లో పెట్టిస్తారు. ఆ తర్వాత సిస్టైన్ చాపెల్ నుంచి గైడు నేరుగా సెయింట్ పీటర్స్ చర్చికి తీసుకెళ్తే మీ బ్యాగు వెనకే ఉండిపోతుంది, దానికోసం గోడ చుట్టూ తిరిగి మళ్లీ మ్యూజియం గుమ్మానికి రావాలి. చిన్న సంచితో వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, ఎండాకాలమైనా సరే.

కొలోసియం టికెట్ల మీద 2023 అక్టోబరు నుంచి పేరు ఉంటుంది, గుమ్మం దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మనవాళ్లకు ఇక్కడే తంటా. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిపేరు, ఇంకోచోట తిరగేసి. బుకింగ్‌కి పేరు వాట్సాప్‌లో టైపు చేసి పంపకండి, పాస్‌పోర్టు పేజీ ఫొటోనే పంపండి.

ఇక సిటీ ట్యాక్స్. ప్యాకేజీలో అన్నీ కలిపేశాం అంటారు, తీరా హోటల్ కౌంటరు దగ్గర చేయి చాపుతారు. అది హోటల్ మోసం కాదు, నగరపాలక సంస్థ పన్ను: నాలుగు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి 7.50 యూరోలు, మూడు నక్షత్రాలైతే 6. పదేళ్లలోపు పిల్లలకు లేదు. భార్యాభర్తలు నాలుగు నక్షత్రాల హోటల్లో మూడు రాత్రులుంటే 45 యూరోలు. ఈ ముక్క బ్రోషర్‌లో పెద్దక్షరాల్లో రాయడానికి ఏజెంట్లకు చేతులు రావెందుకో.

ఆ బ్రోషర్ భాష కూడా నేర్చుకోవాలి. ‘ఓరియంటేషన్ టూర్’ అంటే బస్సు అద్దంలోంచి చూపించడం. ‘ఫొటో స్టాప్’ అంటే పది, పదిహేను నిమిషాలు దించడం. లోపలికి వెళ్లేది ‘ఎంట్రన్స్ ఇన్‌క్లూడెడ్’ అని రాసినవాటికే. కొలోసియం ఈ మూడింట్లో దేనికింద ఉందో అడ్వాన్సు కట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి.