ఎగిరే గద్దకు ఫోకస్ నిలవాలంటే ముందు గాలి చూడండి

మీరు అడిగింది: "కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా, 100-400 లెన్స్ కొన్నాను. నెల్లూరు తీరంలో ఎగిరే గద్దల్ని తీస్తుంటే ఒక్కటీ పదునుగా రావడం లేదు. ఏ సెట్టింగులు పెట్టాలి?"

సెట్టింగులు రెండు నిమిషాల పని. షట్టర్ సెకనులో 1/2500 వంతు, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) లెన్స్ తెరుచుకున్నంత, ఫోకస్ కంటిన్యూయస్‌లో, కెమెరా తానే దేన్ని గుర్తుపట్టాలో చెప్పే డిటెక్షన్ పక్షి మీద. రెక్క కదపకుండా తేలే గద్దకు 1/1600 చాలు, నీళ్ళ మీదికి దూకేదానికి 1/3200 కావాలి. వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓను మాత్రం ఆటోలో వదలకండి. మన తీరంలో ఎక్కువగా కనిపించే గరుడ పక్షికి తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్ళు ఇటుక రంగు. అది ఆకాశం మీంచి సరుగుడు తోట ముందుకు రాగానే వెనకున్న చీకటిని చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది. తల సున్నం కొట్టినట్టు తేలిపోతుంది, ఈక గీత ఒక్కటీ మిగలదు. వెనక ఏమున్నా పక్షి మీద పడే ఎండ మారదు కదా! పొద్దు పొడిచిన గంటకు అపర్చర్ ఎఫ్ 6.3 దగ్గర ఐఎస్‌ఓ 800తో మొదలుపెట్టి, జీబ్రా గీతలు (వెలుగు మరీ ఎక్కువైన చోట తెర మీద కనిపించే చారలు) పక్షి తెలుపు మీద పడకుండా సరిచూసుకోండి.

అసలు సంగతి గాలి. గద్ద దిగేటప్పుడు, వేట మీదికి వంగేటప్పుడు గాలికి ఎదురు తిరుగుతుంది. గాలి మీ వీపు వెనకనుంచి వస్తుంటే దాని ముఖం మీకు దొరుకుతుంది. ఎదురుగా వస్తుంటే ఎంత ఖరీదైన కెమెరా అయినా తోకలే తీస్తుంది. వేకువన వీచేది నేల గాలి, అంటే పడమటిది. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ఎండ బాగానే ఉంటుంది గానీ గద్ద అటు తిరిగి ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఎండా గాలీ రెండూ వీపు వెనక కుదిరేది నవంబరు నుంచి జనవరి దాకా, ఈశాన్య గాలి నిలిచిన రోజుల్లో. పడవల మీది జెండాలు చూస్తే చాలు, గాలి ఎటో తెలిసిపోతుంది.

చోటు విషయంలో నా మాట బకింగ్‌హాం కాలువ. నెల్లూరు, ప్రకాశం తీరాల వెంట దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది కాబట్టి పొద్దున తూర్పు గట్టు మీద నిలబడితే ఎండ వీపు మీద ఉంటుంది. ఈశాన్య గాలికి ఎదురు తిరిగిన గద్ద ఏటవాలుగా మీ వైపే వస్తుంది. పక్షి వెనకుండే గట్టు దూరంగా ఉండే చోటు ఎంచుకోండి. పక్షికి దగ్గరలో తుమ్మ చెట్లుంటే ఫోకస్ వాటిని పట్టుకుంటుంది.

వేట ఎలా సాగుతుందో చూడండి. గరుడ పక్షి నీళ్ళలో మునగదు, పైకి తేలిన చేపను కాళ్ళతో ఎత్తుకుపోతుంది. తిరిగే చుట్టు చిన్నదవుతుంది, తల కిందికి వంగుతుంది, రెక్కలు కాస్త ముడుచుకుంటాయి. చివర్లో కాళ్ళు కిందికి జారతాయి. కాళ్ళు జారాక బటన్ నొక్కితే ఆలస్యమే. తల వంగినప్పుడే బర్స్ట్ (ఆగకుండా వరసగా తీయడం) మొదలవ్వాలి. దానికి ముందే ఫోకస్ దాని మీద ఉండాలి: లెన్స్‌ను 400లో పెట్టి వెతక్కండి, 200లో పట్టుకుని ఆపైన జూమ్ చేయండి. అంతకు ముందు అవతలి గట్టు మీద దేనికైనా ఒకసారి ఫోకస్ కట్టి పెట్టుకుంటే లెన్స్ దగ్గరకూ దూరానికీ ఊగులాడదు. ట్రాకింగ్ సెన్సిటివిటీ (ఫోకస్ ఎంత తొందరగా కొత్తదాని మీదికి మారాలో చెప్పేది) తగ్గించి ఉంచితే మధ్యలో అడ్డొచ్చిన కాకి మీదికి ఫోకస్ దూకదు. చేతి వణుకును సర్దే స్టెబిలైజర్‌కు ప్యానింగ్ మోడ్ (కెమెరాను పక్కకు తిప్పుతూ తీసేటప్పటిది) ఉంటే అదే పెట్టండి. చలికాలంలో వచ్చే ఆస్ప్రే అనే చేపలు పట్టే పక్షి వేట వేరు. అది గాల్లో ఒకచోట రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్ళు ముందుకు చాపి నీళ్ళలో పడుతుంది. లేచాక గాల్లోనే ఒళ్ళు విదిలిస్తుంది. వేలు తీయకుండా ఉంటే ఆ నీటి తుంపర దొరుకుతుంది.

ఎలక్ట్రానిక్ షట్టర్‌లో రెక్కలు వంకరగా వస్తున్నాయంటే సెన్సర్ చదివే వేగం చాలడం లేదు, మెకానికల్‌కు మార్చండి. పొద్దెక్కాక ఇసుక మీద, ఉప్పు కొఠార్ల మీద, రొయ్యల గుంటల గట్ల మీద గాలి ఎండకు కాగి ఊగుతుంది. ఆ ఊగిసలాటలో ఫోకస్ సరిగ్గా ఉన్నా బొమ్మ మెత్తగానే వస్తుంది. దానికి లెన్స్‌ను తిట్టుకోవద్దు, దూరం తగ్గించుకోవాలి, లేదా తెల్లవారగానే వెళ్ళాలి.

కోడి పేగులు విసిరి గద్దల్ని దింపేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒకచోట అలవాటు పడ్డ గద్దలు రోడ్డు మీదికి, కరెంటు తీగల మధ్యకు దిగుతాయి. గూటి దగ్గరికి మాత్రం అసలు పోకండి. తల్లి ఎగిరిపోతే కాకులకు గుడ్లు అప్పజెప్పినట్టే. చేప పట్టిన గద్ద బొమ్మ కావాలంటే జువ్వలదిన్నె, కొత్తపట్నం లాంటి తీరాల్లో పడవలు వచ్చి వలలు దులిపే వేళకు వెళ్ళండి, గద్దలు వాటంతట అవే వస్తాయి.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా ఉక్కలోకి తీయొద్దు, బ్యాగ్ మూసే అరగంట ఉంచండి, లేకపోతే అద్దం మీద ఆవిరి కడుతుంది. ఇంటికొచ్చాక లెన్స్ గొట్టాన్ని కాస్త తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. ఉప్పు పొడిగా ఉండగా రుద్దితే గీతలు పడతాయి.