అమెరికాలో ఇమిగ్రేషన్ డిటెన్షన్‌లో పెడితే ప్రభుత్వం లాయర్‌ని ఇస్తుందా?

మామూలుగా ఇవ్వదు, లాయర్‌ని పెట్టుకునే హక్కు మీకుంది కానీ ఫీజు మీరే కట్టుకోవాలి. డిపోర్టేషన్ కేసును అక్కడి చట్టం సివిల్ వ్యవహారంగా చూస్తుంది, లాయర్ హక్కు ఇచ్చే ఆరో రాజ్యాంగ సవరణేమో క్రిమినల్ కేసులకే వర్తిస్తుంది. ఉదాహరణకు, డబ్బులేని మనిషి మీద పెద్ద దొంగతనం కేసు పడితే పబ్లిక్ డిఫెండర్, అంటే ప్రభుత్వమే ఇచ్చే లాయర్, వస్తారు, అదే మనిషి ఇమిగ్రేషన్ జడ్జి ముందు ఒంటరిగా నిలబడాల్సి రావచ్చు, అన్యాయమే కానీ ఉన్న రూల్ అది. లాయర్ లేరు కాబట్టి ఇచ్చిన కాగితాల మీద సంతకం పెట్టేయాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. మౌనంగా ఉండొచ్చు, సంతకం చేయనని చెప్పొచ్చు. తెలియక పెట్టిన సంతకంతో జడ్జి ముందు విచారణ జరిగే హక్కే పోవచ్చు. ఫోన్ తీసేసుకుంటారు కాబట్టి లాయర్ నంబర్ ముందే బట్టీ పట్టండి, ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్లు ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు నంబర్) ఉంటే ఇంట్లోవాళ్లకి రాసివ్వండి, దాంతోపాటు పుట్టిన దేశం పేరు కొడితే మీరెక్కడున్నారో ఐస్ (ICE, ఇమిగ్రేషన్ డిటెన్షన్ నడిపే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకొచ్చు.