ఇమాటినిబ్ ఇప్పుడెందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకు (ఒక రకం రక్త క్యాన్సర్) రోజూ 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ వాడుతున్నారు. రెండేళ్లు పరీక్షలు బాగానే వచ్చాయి. ఇప్పుడు బీసీఆర్-ఏబీఎల్ 2 శాతానికి పెరిగిందని, మ్యుటేషన్ (జన్యువులో మార్పు) పరీక్ష చేయించమని డాక్టరుగారు అన్నారు. మందు ఎందుకు పనిచేయడం మానేసింది?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ జబ్బులో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు పుడుతుంది. అది తయారుచేసే ప్రొటీను వల్లే తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఇమాటినిబ్ ఆ ప్రొటీనుకు అంటుకుని దాని పనిని ఆపుతుంది. ఏడాది చికిత్స తర్వాత రక్తంలో ఈ బీసీఆర్-ఏబీఎల్ శాతం 0.1 లోపు ఉండాలి. 1 దాటితే మందు విఫలమైనట్టు లెక్కిస్తారు కనుక మీ డాక్టరుగారి ఆందోళన సరైనదే.

అయితే మ్యుటేషన్ పరీక్షతో పాటు, మందు అసలు రక్తంలోకి సరిపడా చేరుతోందా అన్నది కూడా చూడాలి. నెలకు మూడు నాలుగు మాత్రలు తప్పినా ఫలితం దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, వికారం భరించలేక, లేదా రిపోర్టు బాగుంది కదా అన్న ధీమాతో చాలామంది అప్పుడప్పుడు మానేస్తారు. డాక్టరు కోప్పడతారేమోనని ఆ మాట దాచేస్తారు. నాన్నగారిని నిలదీయకుండా, నెమ్మదిగా అడగండి. భోజనంతో పాటు పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుంది.

ఈమధ్య వేరే మందులేమైనా మొదలుపెట్టారా? క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కాలేయం చేత ఇమాటినిబ్‌ను త్వరగా విచ్ఛిన్నం చేయిస్తాయి. అప్పుడు మాత్ర ఒక్కరోజు తప్పకపోయినా రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. మూలికల మందులతో సహా వాడుతున్నవన్నీ, స్ట్రిప్పులతోనే, డాక్టరుగారికి చూపించండి.

ఇవేవీ కాకపోతే ప్రొటీను ఆకృతే మారి, మందు దానికి అంటుకోలేకపోతూ ఉండవచ్చు. మ్యుటేషన్ పరీక్ష చెప్పేది అదే. మార్పును బట్టి డాసటినిబ్ గానీ నిలోటినిబ్ గానీ ఎంచుకుంటారు. టీ315ఐ అనే మార్పు ఉంటే ఆ రెండూ పనిచేయవు. పొనాటినిబ్, అసిమినిబ్ వంటివి అవసరమవుతాయి. ఫలితం వచ్చేదాకా ఇమాటినిబ్‌ను సొంతంగా ఆపవద్దు, మోతాదు పెంచవద్దు. డాసటినిబ్‌కు మారితే, నాన్నగారు ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు వాడుతున్నదీ లేనిదీ తప్పక చెప్పండి, ఎందుకంటే కడుపులో ఆమ్లం తగ్గితే ఆ మందు సరిగా ఒంటబట్టదు.