ఆటల అడ్డా: దొరికిన కత్తా, చేయించుకున్న కత్తా?

ప్రశ్న: లాస్ట్ ఎపాక్ అనే కంప్యూటర్ ఆటలో నా క్యారెక్టర్ లెవెల్ 80 దాటింది. మంచి ఎగ్జాల్టెడ్ ఐటెమ్ (పెద్ద గుణమున్న అరుదైన సామాను) పడగానే ఫోర్జ్‌లో (సామానుకు మెరుగులు పెట్టే చోట) పెడుతున్న. నాలుగు నొక్కులకే ఫోర్జింగ్ పొటెన్షియల్ (ఐటెమ్‌ను ఇంకెంత మార్చొచ్చో చెప్పే అంకె) సున్నా అయిపోతున్నది. మా దోస్తేమో క్రాఫ్టింగ్ (ఇట్ల చేయించుకోవడం) దండగ, మోనోలిత్‌లు (కథ అయినంక ఆడే దశలు) తిరుగుతుంటే అన్నీ అవే పడతయి అంటడు. ఎవరి మాట నిజం?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: మీ దోస్తు మాటలో సగం నిజం ఉంది. ఈ ఆటలో అఫిక్స్‌కు, అంటే ఐటెమ్ మీదుండే ఒక్కో గుణానికి, టియర్లనే మెట్లుంటాయి. షార్డులతో (అఫిక్స్ ముక్కలతో) ఐదో టియర్ దాకానే ఎక్కించగలం, ఆ పైవి శత్రువులను కొడితే నేల మీద పడాల్సిందే. ఆ సగం వరకు ఆయన గెలిచినట్టే. కానీ ఐటెమ్‌కు రెండు ప్రిఫిక్స్‌లు, రెండు సఫిక్స్‌లు అని రెండు రకాల అఫిక్స్‌లు. ఆ నాలుగూ మీ బిల్డ్‌కు (క్యారెక్టర్ ఆడే తీరుకు) కావాల్సినవే, అదీ పెద్ద టియర్లలో, ఒక్క ఐటెమ్ మీద పడాలని కూర్చుంటే పరీక్షలు వచ్చి పోతాయి. పెద్ద అఫిక్స్ ఒకటి లూట్‌లో (నేల మీద పడే సామానులో) పట్టుకోండి, పక్కవాటిని ఫోర్జ్‌లో పెంచుకోండి.

మీ దగ్గర జరుగుతున్న పొరపాటు ఫోర్జ్‌లో కాదు, అంతకు ముందే, ఐటెమ్‌ను ఎంచుకోవడంలో. ఒక జత బూట్లు పడ్డాయనుకుందాం. పరుగు వేగం ఆరో టియర్, హెల్త్ రెండో టియర్, మీకు అక్కరలేని అఫిక్స్ ఒకటి, ఇంకో చోటు ఖాళీ. హెల్త్‌ను ఐదుకు తేవాలంటే మూడు నొక్కులు, మూడు షార్డులు. ఖాళీ చోట రెసిస్టెన్స్ (దెబ్బను తగ్గించే గుణం) వేసి ఐదుకు తేవాలంటే ఐదు నొక్కులు, ఐదు షార్డులు. మొత్తం ఎనిమిది. ప్రతి నొక్కూ పొటెన్షియల్‌ను ఎంతో కొంత తింటుంది. టియర్ పెరిగేకొద్దీ ఎక్కువ తింటుంది. ఎంత నుంచి ఎంత దాకా తినొచ్చో నొక్కకముందే తెర మీద కనిపిస్తుంది. పొటెన్షియల్ పదో పన్నెండో మిగిలిన బూట్ల మీద ఎనిమిది నొక్కులు పెట్టుకోవద్దు. ముందు మెట్లు లెక్కపెట్టండి, తర్వాత పొటెన్షియల్ చూడండి. చాలదనిపిస్తే రూన్ ఆఫ్ షాటరింగ్ అనే వస్తువుతో పగలగొట్టండి, షార్డులైనా మిగులుతాయి.

గ్లిఫ్ ఆఫ్ హోప్ అనే వస్తువును తోడు పెట్టి నొక్కితే నూటికి 25 సార్లు పొటెన్షియల్ అసలే ఖర్చు కాదు. దాన్ని మొదటి చిన్న మెట్ల మీద వృథా చేయొద్దు, నాలుగు నుంచి ఐదుకు ఎక్కేటప్పుడు వాడండి. ఇంకో కిటుకు: పొటెన్షియల్ ఒక్కటే మిగిలినా ఆ నొక్కు పనిచేస్తుంది, ఉన్నదానికంటే ఎక్కువ తినలేదు. కాబట్టి ఖరీదైన మెట్టును చివరికి ఉంచితే చవకలో ఎక్కేస్తుంది. ముందే అది ఎక్కి, చిల్లర మెట్లకు డబ్బుల్లేకుండా నిలబడటమే చాలామంది చేసే పని.

అక్కరలేని అఫిక్స్ సంగతి జాగ్రత్త. అఫిక్స్‌ను తీసేసే రూన్ ఆఫ్ రిమూవల్, ఏది తీయాలో మిమ్మల్ని అడగదు. పై బూట్ల మీద మూడు అఫిక్స్‌లున్నాయి గనక, మీ ఆరో టియర్ వేగమే ఎగిరిపోయే అవకాశం మూడింట ఒకటి. దానికి బదులు గ్లిఫ్ ఆఫ్ కేయాస్‌తో ఆ చెత్త అఫిక్స్‌నే ఒక మెట్టు ఎక్కించండి. టియర్ పెరుగుతుంది, అఫిక్స్ మారిపోతుంది. వచ్చినది నచ్చకపోతే మళ్లీ అదే. అన్నిటికంటే మేలు, పెద్ద అఫిక్స్ పక్కన చెత్త లేకుండా ఖాళీలున్న ఐటెమ్‌నే ఎత్తుకోవడం. షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కితే లూట్ ఫిల్టర్ తెరుచుకుంటుంది. మీకు కావాల్సిన అఫిక్స్‌లున్న ఎగ్జాల్టెడ్‌లు తప్ప మిగతావి దాచేయండి. ఈ ఒక్క పనికి అరగంట పెట్టండి, నేల మీద చెత్త చూసి కళ్లు మండటం తగ్గుతుంది.

రెండు ఐటెమ్‌లను కలిపి చేసే లెజెండరీకి కూడా ఈ పనంతా ముందే కావాలి. లెజెండరీ పొటెన్షియల్ (ఎన్ని అఫిక్స్‌లు తీసుకోగలదో చెప్పే అంకె) ఉన్న యూనిక్‌నూ (సొంత పేరు, ప్రత్యేక గుణాలున్న ఐటెమ్‌నూ), అదే రకం ఎగ్జాల్టెడ్‌నూ టెంపోరల్ సాంక్టమ్ అనే చోట జుల్రా అనే బాస్‌ను కొట్టాక కలుపుతారు. ఎగ్జాల్టెడ్‌కు నాలుగు అఫిక్స్‌లూ నిండి ఉండాలి. లెజెండరీ పొటెన్షియల్ 1 అయితే ఆ నాలుగింట్లో ఏదో ఒకటి యూనిక్ మీదికి వస్తుంది, అంటే మీరు కోరింది వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2 అయితే కోరిన ఒకటి వచ్చే అవకాశం సగం. కోరిన రెండూ రావాలంటే మాత్రం ఆరింట ఒకటే. అందుకే ఒకటి బంగారం, మూడు బొగ్గులున్న ఐటెమ్‌ను అక్కడికి మోసుకుపోవద్దు.

ప్రశ్న: ఆట డయాబ్లో 2 రిసరెక్టెడ్. హెల్‌లో (అన్నిటికంటే కష్టమైన స్థాయిలో) దొరికిన క్రిస్టల్ స్వోర్డ్‌కు కమ్మరి లార్జుక్ దగ్గర రంధ్రాలు వేయించి టాల్, థుల్, ఓర్ట్, ఆమ్న్ రూన్లు వరసగా పెట్టిన. స్పిరిట్ అనే రూన్‌వర్డ్ (రూన్ల వరసతో శక్తి వచ్చే ఆయుధం) కాలేదు. రూన్లు పోయినట్టేనా?
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: పోయినట్టే. రూన్ల వరస సరిగ్గానే ఉంది, లెక్క తప్పింది రంధ్రాల్లో. స్పిరిట్‌కు సరిగ్గా నాలుగు ఉండాలి, ఒకటి ఎక్కువైనా కాదు. క్రిస్టల్ స్వోర్డ్ ఐటెమ్ లెవెల్ (అది పడిన చోటును బట్టి వచ్చే అంకె) 25 దాకా ఉంటే లార్జుక్ మూడు రంధ్రాలు వేస్తాడు, 26 నుంచి 40 దాకా నాలుగు, 41 నుంచి ఆరు. హెల్‌లో పడింది కాబట్టి మీకు ఆరు వచ్చాయి. హెల్ (Hel) అనే పేరున్న రూన్, టౌన్ పోర్టల్ స్క్రోల్ ఆ కత్తితో కలిపి క్యూబ్‌లో (వస్తువులు కలిపే పెట్టెలో) వేస్తే రంధ్రాలు ఖాళీ అవుతాయి గానీ లోపలి రూన్లు చేతికి రావు, రంధ్రాలూ ఆరే ఉంటాయి. ఆ కత్తి మీద ఇంకో రూన్ ఖర్చు పెట్టకండి.

ఈసారి నార్మల్‌లో (తేలిక స్థాయిలో) ఆవుల లెవెల్‌కు వెళ్లి అక్కడ పడిన క్రిస్టల్ స్వోర్డ్ తెచ్చుకోండి, లార్జుక్ నాలుగే వేస్తాడు. లేదా బ్రాడ్ స్వోర్డ్ పట్టండి. దానికి నాలుగు కంటే ఎక్కువ పట్టవు, హెల్‌లో దొరికినా దిగులు లేదు. లార్జుక్ ఒక్కో డిఫికల్టీలో ఒక్కసారే చేస్తాడు గనక, ఆ అవకాశం అయిపోయి ఉంటే క్యూబ్ ఉంది: రాల్ 1, ఆమ్న్ 1, పర్ఫెక్ట్ అమెథిస్ట్ 1, రంధ్రాల్లేని మామూలు కత్తి. అది ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒక అంకె వేసి, కత్తి పట్టేదానికంటే ఎక్కువైతే అక్కడికే ఆపేస్తుంది. అందుకే నాలుగు మాత్రమే పట్టే కత్తికి నాలుగు వచ్చే అవకాశం సగం, ఆరు పట్టేదానికి ఆరింట ఒకటి. నీలం రంగు పేరున్న మ్యాజిక్ కత్తిలో రంధ్రాలెన్ని ఉన్నా రూన్‌వర్డ్ కాదు, తెలుపు లేదా బూడిద రంగు పేరుండాలి.

రూన్ల కోసం నార్మల్‌లో కౌంటెస్ అనే బాస్‌ను ఎన్నిసార్లు కొట్టినా ఆమె రూన్ల మూటలో రాల్ దాటి రాదు. క్యూబ్‌లో వేస్తే మూడు రాల్‌లు ఒక ఓర్ట్, మూడు ఓర్ట్‌లు ఒక థుల్, మూడు థుల్‌లకు ఒక చిప్డ్ టోపాజ్ కలిపితే ఒక ఆమ్న్. ఆమ్న్ ఒక్కదానికే 27 రాల్‌లు! నడిమి స్థాయి నైట్‌మేర్‌లో కౌంటెస్ దగ్గరికి పోవడం నయం.

ప్రశ్న: పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఆటలో ఒక ఛాతీ కవచం మీద 60 కేయాస్ ఆర్బ్‌లు (గుణాలను మార్చే గోళాలు) పోసిన. లైఫ్ పెద్దది రాలేదు. ఎందుకు?
– గద్వాల

జవాబు: ఆల్ట్ మీట నొక్కి పట్టుకొని ఐటెమ్ లెవెల్ చూడండి. ఛాతీ కవచం మీద అత్యున్నత లైఫ్ టియర్ రావాలంటే అది 86 ఉండాలి. 70 కవచం మీద 600 పోసినా ఆ టియర్ రాదు. మీ ఊళ్లో చీర ఒళ్లు నూలు, అంచు పట్టు అని ముందే తేల్చుకున్నాకే మగ్గం ఎక్కుతారు కదా, ఇక్కడా అంతే.

పాత్ ఆఫ్ ఎగ్జైల్ మొదటి ఆటలో కేయాస్ ఆర్బ్ ఉన్న మాడ్‌లన్నిటినీ (గుణాలన్నిటినీ) చెరిపి కొత్తవి వేస్తుంది, అందుకే అదొక జూదం. లైఫ్ ఖాయంగా కావాలంటే ఎసెన్స్ ఆఫ్ గ్రీడ్ అనే వస్తువు వాడండి, లైఫ్ తప్పకుండా వస్తుంది. కింది రకం ఎసెన్స్‌లు మూడు ఇస్తే వ్యాపారి పైరకం ఒకటి ఇస్తాడు. సఫిక్స్‌లో ఖాళీ మిగిలితే క్రాఫ్టింగ్ బెంచ్ మీద రెసిస్టెన్స్ వేయించుకోండి. ఐదో అంకం, పదో అంకం ముగిశాక చెరో 30 చొప్పున మొత్తం 60 రెసిస్టెన్స్ కోత పడుతుంది గనక, గరిష్ఠమైన 75 శాతం దగ్గర నిలబడటానికి ఆ బెంచే దిక్కు. 2024 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌కు (పూర్తికాకముందే ఆడనిచ్చే దశకు) వచ్చిన రెండో ఆటలో కేయాస్ పని వేరు: ఒక మాడ్ తీసి ఇంకొకటి పెడుతుంది, అంతే. యూట్యూబ్ వీడియో చూసి చేసేటప్పుడు అది ఏ ఆటదో చూసుకోండి.

ప్రశ్న: మా బాబు ఆటలో కత్తి కొనాలి, డబ్బులు కావాలి అంటున్నడు. ఇయ్యొచ్చా?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: బయటి వెబ్‌సైట్లో ఎవరో అమ్మే కత్తి అయితే ఇవ్వకండి. అట్లాంటి కొనుగోళ్లు ఈ ఆటల నిబంధనలకు విరుద్ధం, అకౌంటే పోవచ్చు. డయాబ్లో 3లో కంపెనీయే నిజమైన డబ్బుతో వేలంపాట పెట్టి, రాక్షసులను కొట్టి సామాను సంపాదించుకునే సరదానే చచ్చిపోతోందని 2014 మార్చి 18న దాన్ని మూసేసింది. బాబు లాస్ట్ ఎపాక్ ఆడుతుంటే అందులోని సర్కిల్ ఆఫ్ ఫార్చూన్ అనే వర్గంలో చేరమనండి. అందులో చేరినవారికి కొనుగోలు ఉండదు, బదులుగా డ్రాప్‌లు (నేల మీద పడే సామాను) పెరుగుతాయి.